నడిముల్లు

పీల్ రేవులో తెల్లారకముందే
నా చేతులు ఉప్పులో ఉంటాయి.
బొటనవేలు మొప్ప కింద, కత్తి మొన గొంతు దగ్గర,
ఒక్క గుంజుడుకి పేగులన్నీ బుట్టలోకి.
ఎన్ని కోశానో లెక్క నేను పెట్టను.
కొనేవాడు పెడతాడు, తక్కువగా.

ఆరోజు మాత్రం కత్తి కడిగి పక్కన పెట్టి
ముతక శాలువా కప్పుకుని
కాజిల్‌టౌన్ దాకా నడిచాను.
ఫిన్‌లో స్కిలికార్న్‌ని డీమ్‌స్టర్ని చేస్తున్నారు.
మా మాన్ దీవిలో తీర్పు చెప్పేవాడి పేరు అది.

కోటలో చలి. రాతిగోడల మధ్య
అతని గొంతు ముందు కాస్త వణికింది.
దేవుడు చేసిన వింతల మీద ఒట్టన్నాడు,
ఆరు పగళ్ళ మీద, ఏడు రాత్రుల మీద.
(ఏడో పగలు ఎక్కడ జారిపోయిందని అడిగితే
"అలాగే అనాలి, అంతే" అంటారు.)
స్నేహం చూడనన్నాడు, చుట్టరికం చూడనన్నాడు,
లాభానికి లొంగనన్నాడు, పగ పట్టనన్నాడు.
చివర్న, మా తాతల తాతలూ విన్న మాట:
హెర్రింగ్ చేపలో నడిముల్లు
ఎటూ ఒరగకుండా ఎలా ఉంటుందో
వాదికీ ప్రతివాదికీ మధ్య నేనలా ఉంటాను.

మేజోళ్ళ పెద్దమనుషులంతా తలలూపారు.
వాళ్ళలో ఒక్కడైనా చేపని కోశాడా?
ముల్లు నడిమినే ఉంటుంది, నిజమే,
కుడికీ ఎడమకీ నడిమిన.
వీపుకీ పొట్టకీ నడిమిన ఉన్నా
వీపుకి దక్కేది కండ,
పొట్టకి దక్కేది పేగులు.

చట్టం కాగితమెక్కని రోజుల్లో
డీమ్‌స్టర్లు దాన్ని రొమ్ములో మోసేవారట.
వాళ్ళకి దగ్గొస్తే చట్టం మారిపోయేదని
మా నాన్నమ్మ బహీ నవ్వేది.
ఒట్టు తీసి గట్టున పెట్టిన వాళ్ళని
ఆమె ముగ్గుర్ని చూసింది.

ఫిన్‌లో అలాంటివాడు కాడని నాకు తెలుసు.
ఆరేళ్ళప్పుడు మా బల్ల దగ్గర
గొంతులో ముల్లు దిగి నీలంగా మారిపోతే
రొట్టెముద్ద నొక్కి మింగించింది నేనే.
ఆ లెక్క మాత్రం నేను పెట్టుకున్నాను.

బార్లీ కోతలప్పుడు నా వ్యాజ్యం అతని ముందుకొచ్చింది.
ఇలియమ్ పడవతో పాటు పోయాడు,
ఒడ్డున ఆరేసిన వలలు మిగిలాయి.
నావి అన్నాను. కావు, నావి అన్నాడు కిన్‌విగ్.
ఆ కిన్‌విగ్ అంటే ఫిన్‌లోకి చిన్నప్పట్నుంచీ పడదు.
రేవంతా నన్ను చూసి కన్నుగీటింది.

వలలు కిన్‌విగ్‌వే అని తీర్పు చెప్పాడు.
చెబుతూ తల దించుకోలేదు,
తిన్నగా నా మొహంలోకే చూశాడు.

వలలు కిన్‌విగ్‌వే. నాకూ తెలుసు.
మా ఆయన వాటి చిరుగులు కుట్టాడు, అంతే,
పన్నెండు చలికాలాలు,
మా దీపంలో మా నూనె పోసుకుని.
తీర్పులో తప్పు పట్టడానికేం లేదు.
ముల్లు నడిమినే ఉంది.
కాస్త, వేలెడంత, నా వైపు వంగితే
ఎవరి సొమ్ము పోయేది?
కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు.
నేను రోజూ కడుపులు చించేదాన్ని,
ఈ ఒక్కటి లోపలే ఉంచాను.

రాత్రి ఒక చేప కాల్చుకున్నాను.
పైవైపు తిన్నాక దాన్ని తిరగేయకూడదు,
ఎక్కడో ఒక పడవ తిరగబడుతుంది.
ఇలియమ్ ఎన్నడూ తిరగేసినవాడు కాదు.
తోక పట్టి మెల్లగా లేపితే
నడిముల్లు మొత్తం ఊడొచ్చింది, తలతో సహా.
దీపానికి అడ్డం పెట్టి చూశాను,
తిన్నగా ఉంది, దువ్వెనలా.

సన్నటిదొకటి మాత్రం గొంతులో దిగింది.
రొట్టెముద్ద నేనే నొక్కుకుని
నేనే మింగాను.